నరికితే చిగురించే లిండెన్

యూరప్‌లో వీధుల వెంట నీడ కోసం పెంచే లిండెన్ చెట్టు తిండిచెట్టు కూడా. లేత ఆకులను పచ్చివే సలాడ్‌లో వేసుకుంటారు. నమిలితే సన్నని జిగురు తగులుతుంది. బెండకాయ తిన్నవాళ్లకు ఆ జిగురు కొత్తేమీ కాదు. వృక్షశాస్త్రజ్ఞులు మాత్రం లిండెన్‌ను చాలాకాలం టీలియేసీ అనే వేరే కుటుంబంలో ఉంచారు. 1990లలో డీఎన్ఏ పోల్చి చూశాకే బెండ, గోంగూర, పత్తి ఉన్న మాల్వేసీలోకి తెచ్చారు. నాలుక ముందే చెప్పిన చుట్టరికమది!

చిక్కల్లా ఎత్తుతోనే. చెట్టు 20 మీటర్లు దాటిపోతుంది, ఆకు కొద్ది వారాల్లోనే ముదురుతుంది. అందుకే ఆకు కోసం పెంచేవాళ్లు చలికాలంలో చెట్టును మొదలంటా నరికేస్తారు.

అసలు అద్భుతం అక్కడుంది. కొన చిగుళ్లలో పుట్టే ఆక్సిన్ అనే హార్మోను కాండంలో కిందికి దిగుతూ అడుగు మొగ్గలను లేవనివ్వదు. బెరడు కింద అవి ఏళ్లతరబడి నిద్రపోతుంటాయి. కొన పోగానే ఆ అదుపూ పోతుంది. వేళ్లలో దాచిన పిండిపదార్థమంతా వాటికి అందుతుంది. వసంతంలో మోడు చుట్టూ పిలకలు లేస్తాయి. వేసవిలోనూ వాటి కొసలు లేతాకు వేస్తూనే ఉంటాయి.

నరికితే చెట్టు ఆయుష్షు తగ్గుతుందనుకోవడం లిండెన్ విషయంలో పూర్తిగా తప్పు. ఇంగ్లండ్‌లోని వెస్టన్‌బర్ట్ వృక్షవనంలో తరతరాలుగా నరుకుతూ వచ్చిన చిన్నాకు లిండెన్ ఒకటి సుమారు 60 కాండాల వలయంగా విస్తరించింది. అన్నీ ఒకే చెట్టని డీఎన్ఏ పరీక్షలో తేలింది. దాని వయసు 2000 ఏళ్లు ఉండొచ్చని అంచనా. ఉత్తర ఇంగ్లండ్‌లో ఈ జాతిని పరిశీలించిన వృక్షశాస్త్రజ్ఞుడు డొనాల్డ్ పిగట్ అక్కడ గింజ ఎందుకు పట్టదో కనుగొన్నారు. వేసవి చల్లగా ఉంటే పుప్పొడి నాళం అండాన్ని చేరేదాకా పెరగలేదు. అయినా అక్కడ లిండెన్ నిలిచిందంటే అది పిలకల చలవే.

గింజ దొరికినా గట్టి పెంకు, లోపలి పిండపు నిద్ర రెండూ వదలాలి. దీర్ఘకాలపు చలి తగలందే అది మొలవదు, ఒక్కోసారి రెండేళ్లు పడుతుంది. కనుక మొక్క కొని నాటడమే మేలు. డెవన్‌లోని డార్టింగ్టన్‌లో మార్టిన్ క్రాఫర్డ్ తన అడవితోటలో ఆకు కోసం లిండెన్లను ఇలా నరికే పెంచుతున్నారు. వేసవిలో పేనుబంక పురుగులు కార్చే తీపి జిగట ఆకులకు అంటుకుంటుంది, కడిగి తినాలి.

తరచూ నరికే చెట్టు పూయదు. పూలటీ కావాలంటే మరో చెట్టును ఎదగనివ్వాలి. జూన్, జూలైలలో పూలు విచ్చుకోగానే, తడిలేని రోజు చూసి, కాడకున్న రెక్కలాంటి పత్రంతో సహా కోసి నీడన ఆరబెడతారు.