ఇంటి రమ్మీ పోటీ: ఏ చెయ్యి ఆడవలె, ఏది వదలవలె?

పావగడ తాలూకా కర్ణాటకలో ఉన్నా చాలా ఇళ్ళలో మాట తెలుగే. పండుగ సెలవులలో చుట్టాలు చేరితే పేక కట్ట బయటికి వచ్చుట మనకూ మడకశిర వైపువారికీ సమానమే. ఆట ఎట్లాగూ ఆగదు గనుక, పందెం లేకుండా ఇంటిల్లిపాదీ కూర్చుని ఆడదగిన పోటీగా దానిని జరిపించే విధము ఇక్కడ వ్రాస్తున్నాము.

పన్నెండుమంది ఉంటే ఆరుగురేసి రెండు చాపలమీద కూర్చుండవలెను. చాపకు రెండు కట్టలు, రెండు జోకర్లు. వెరసి 106 ముక్కలు. తలకు 13 చొప్పున 78 పంచగా 28 మిగులును. వానిలో ఒకటి తిప్పి జోకరును నిర్ణయించి, మరొకటి బయట పరచవలెను. లెక్క 101 చేరినవారు ఆటనుండి తప్పుకొనవలెను. ప్రతి చాపలోను చివరకు మిగిలిన ఇద్దరిద్దరూ కలిసి, కొత్త లెక్కతో చివరి ఆట ఆడుదురు. తప్పుకొన్నవారికి లెక్క వ్రాసే పని ఒప్పగిస్తే ముఖం చిన్నబోదు. రాత్రి తొమ్మిదిన్నర దాటితే కొత్త పంపకం లేదని ముందే చెప్పవలెను.

ఇక చేతి సంగతి. పోకరు ఆటలో మొదట వచ్చే రెండు ముక్కలు చూచి ఉండుటో మానుటో తేల్చుకొందురు. మన రమ్మీలో పదమూడు చూచి ఆ పని చేయవలెను. మొదటి వంతులో ముక్క తీయకుండా వదిలితే 20. తీసిన తరువాత వదిలితే 40. లైఫు లేకుండా ఎదుటివారి షోకు చిక్కితే ఎంత ఉన్నా 80 దాకా లెక్క.

ఉదాహరణకు, జోకరు 3 అనుకొందాము. మీ చేతిలో ఇస్పేటు ఆసు, జాకీ, 7, 4. కళావరు రాజు, 9, 5. డైమను రాణి, 8, 2. ఆఠీను రాజు, 10, 6 ఉన్నవి. బొమ్మలకూ ఆసుకూ పదేసి వేసి కూడితే 101. ఏ రెండూ పక్కపక్కన లేవు, జోకరూ లేదు. ఇది 20కే వదలవలసిన చెయ్యి.

లైఫు కట్టి వచ్చినా, జోకరుతోపాటు 6, 7 వంటి జంట ఒకే రంగులో ఉన్నా ఆడవచ్చును. 6, 7 జంటకు 5 గాని 8 గాని చాలును. రెండు కట్టలలో అవి నాలుగు. 6, 8 ఉంటే మధ్య 7 ఒక్కటే దిక్కు, అవి రెండే. లైఫుకు దారి లేకుండా రెండు జోకర్లు వచ్చినా తొందరపడరాదు; జోకరు కలిపి కట్టినది లైఫు కాదు గదా!

అయితే వదలుటకూ హద్దు ఉన్నది. అయిదు మార్లు వదిలితే 100, ఇంకా ఆటలో ఉన్నట్లే. లెక్క 81 చేరిన తరువాత మాత్రము వదలుట అంటే తప్పుకొనుటే. అప్పుడు ఎటువంటి చెయ్యి అయినా ఆడవలసినదే.

సికిందరాబాదులోని ఒక క్లబ్బు కేసులో 1967లో సుప్రీంకోర్టు, రమ్మీ ప్రధానముగా నేర్పుతో కూడిన ఆట అని చెప్పినది. ఆ తీర్పును చూపి పందెమునకు ధైర్యము తెచ్చుకొనువారు ఉన్నారు. ఆట నిర్వహించువారు లాభము తీస్తే నేరము కావచ్చునని అదే తీర్పులో ఉన్నది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025లో పార్లమెంటు చట్టము చేసినది. నేర్పుగలవానికీ చెడ్డ ముక్కలు వచ్చును. చాపమీద 80 పోతే కాగితముమీద ఒక అంకె. వర్షాధారపు శెనక్కాయల మీద బ్రతికే ఇంటిలో, ఏడాదికొకసారి వచ్చిన పంట డబ్బు పోతే, విత్తనమూ బడి ఫీజూ పోయినట్లే. పైగా పందెములో ఓడినవాడు చెడ్డ చెయ్యి వదలడు. పోయినది రాబట్టవలెనని ఆడును.

అందుచేత బహుమానము ఒక టెంకాయ, ఓడినవారికి బొరుగులు, అందరికీ కాఫీ. ఇంతకు మించి ఏదీ చాపమీదికి రానీయకండి.