సెంట్రల్‌లో దిగి ఎటు పోవలెను?

రాజవొమ్మంగిలో రైలు కూత వినబడదు. అక్కడివారు రైలెక్కవలెనన్న కొండదారిన బస్సులో దిగి తునికో, అన్నవరమునకో, సామర్లకోటకో చేరవలెను. అక్కడినుండి చెన్నపట్టణము చేరుట కష్టము కాదు. అసలు చిక్కు బండి దిగిన పిమ్మటనే.

ఒక యువకుడు తల్లిని కంటి వైద్యమునకై మదురై తీసికొని పోవుచున్నాడనుకొందము. ఉదయమున చెన్నై సెంట్రల్‌లో దిగినాడు. మదురై బండి ఎగ్మూరులో ఎక్కవలెను. ఊరొక్కటే గనుక స్టేషనును ఒక్కటే యని తలచి అచ్చటనే కూర్చుండెనా, బండి వెళ్లిపోవును. వైద్యుడు చూచెదనన్న దినమును దాటిపోవును.

ఒకే నగరమునకు ఈ రెండు స్టేషనులేల? 1873లో వెలసిన సెంట్రల్ మద్రాసు రైల్వే వారిది. దాని పట్టాలు బ్రాడ్‌గేజి. 1908లో తెరచిన ఎగ్మూరు సౌత్ ఇండియన్ రైల్వే వారిది, అక్కడివి మీటరుగేజి. ఒకరి బండి మరొకరి పట్టాలపై నడువదు. నేడు ఆ కంపెనీలు లేవు, ఆ మీటరుగేజియు లేదు. స్టేషనులు మాత్రము నిలిచినవి. కోస్తానుండి వచ్చు బండ్లలో పెక్కు సెంట్రల్‌కు, కొన్ని ఎగ్మూరునకు పోవును. దక్షిణపు బండ్లు ఎగ్మూరునుండియు, కొన్ని తాంబరమునుండియు బయలుదేరును.

ఈ ఎడమును నేడు భూగర్భ రైలు కలుపుచున్నది. లండనులో 1863లో మొదలైన ఈ విధానము మన దేశమున 1984లో కలకత్తాకు, 2017లో చెన్నైకి వచ్చినది. 2018 మే నెలలో సెంట్రల్ క్రింది స్టేషనును తెరచిరి. అచ్చట రెండు మార్గములు కలియును. నీలి మార్గము విమ్కోనగర్ నుండి విమానాశ్రయమునకు; ఆకుపచ్చ మార్గము సెంట్రల్ నుండి సెయింట్ థామస్ మౌంట్‌కు. ఆకుపచ్చ మార్గములో సెంట్రల్ తరువాతి స్టేషనే ఎగ్మూరు.

మేము చెప్పదలచినది మూడే మాటలు. టిక్కెట్టుపై ఉన్న స్టేషను పేరు చూడుడు. ఊరి పేరు చాలదు. రెండవది, బండి చివరకు పోవు స్టేషను పేరు. మన బస్సు నుదుట చివరి ఊరి పేరు చూచి ఎక్కుదుము గదా, ఇచ్చటను అంతే. మూడవది, ఎచ్చట బండి మారవలెనో ముందే తెలిసికొనుడు. తాంబరము పోవువారు సెంట్రల్ ఎదుటి పార్క్ స్టేషనులో లోకల్ బండి ఎక్కవచ్చును. లేదా నీలి మార్గమున గిండీ వరకు పోయి అచ్చట లోకల్‌లోనికి మారవచ్చును.

మెట్రోకు వేరుగా టిక్కెట్టు కొనవలెను. వెలుపలికి వచ్చువరకు దానిని పారవేయరాదు. సామానును తనిఖీ చేయుదురు. మెట్లు, నడవలు దాటుటకును సమయము పట్టును. కావున బండ్ల నడుమ తగిన వ్యవధి ఉంచుకొనవలెను. మెట్రో తలుపులు వాటంతట అవే మూసికొనును గనుక ముసలివారిని ముందు ఎక్కించుడు. ఒకవేళ ఒకరు ఎక్కి ఒకరు మిగిలిపోయినచో, మిగిలినవారు కదలక అచ్చటనే నిలువవలెను. ఎక్కినవారు తరువాతి స్టేషనులో దిగి వెనుకకు రావలెను. ఈ మాట ఇల్లు కదలకముందే అనుకొనుట మంచిది.

అడవిలో తెలియని బాటన పోవునపుడు ఎదురైనవారిని అడుగుట మన్యమువారికి అలవాటే. చెన్నైలో తెలుగు తెలిసినవారికి కొదువ లేదు. అడుగుటకు సంకోచింపరాదు, కాని స్టేషను పేరు చెప్పి అడుగవలెను.