కొత్త చదరంగానికి ఎవరి పేరు పెట్టాలి?

1996 జూన్ 19న అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్‌లో బాబీ ఫిషర్ ఒక కొత్త చదరంగాన్ని ప్రకటించాడు. బోర్డు అదే, పావులు అవే, అవి నడిచే తీరూ అదే. బంట్లు ఎప్పటిలాగే రెండో వరుసలో నిలబడతాయి. వెనక వరుసలోని ఎనిమిది పావులు ఏ గడిలో ఉండాలన్నది మాత్రం ఆటకు ముందు లాటరీ పద్ధతిలో తేలుతుంది. మొదటి ఎత్తులన్నీ ఇంట్లో బట్టీపట్టి వచ్చి బోర్డు మీద అప్పజెప్పే ధోరణి చదరంగాన్ని చంపేస్తోందన్నది ఫిషర్ బాధ. దానికి విరుగుడుగా తయారుచేసిన ఈ ఆటకు ఆయన తన పేరే పెట్టి ‘ఫిషర్ ర్యాండమ్’ అన్నాడు. కొన్నేళ్లకు జర్మనీలోని మైంజ్ నగరంలో ఈ పోటీలు నడిపినవాళ్లు దాన్ని ‘చెస్960’గా మార్చారు. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే తన నిబంధనల్లో చెస్960 అనే రాసుకుంది. కానీ 2019లో తొలి అధికారిక ప్రపంచ పోటీ పెట్టినప్పుడు మళ్లీ ఫిషర్ ర్యాండమ్ అంది. ఆ పోటీలో వెస్లీ సో మాగ్నస్ కార్ల్‌సన్‌ను ఓడించి గెలిచాడు. 2024లో జర్మనీలోనే వైసెన్‌హౌస్‌లో జరిగిన పోటీతో ‘ఫ్రీస్టైల్ చెస్’ అన్న పేరు పైకొచ్చింది. 2025 జులైలో లాస్ వేగస్‌లో మన వరంగల్ కుర్రాడు ఇరిగేశి అర్జున్ సెమీఫైనల్ దాకా వెళ్లింది ఈ ఆటలోనే. పుట్టి మూడు దశాబ్దాలవుతున్నా దీన్ని ఏమని పిలవాలో ఇంకా తేలలేదు. నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. ఆట పేరు ఆటను చెప్పాలి. కనిపెట్టినవాడి పేరు ఆ ఆట చరిత్రలో, నిబంధనల మొదటి పేజీలో చెక్కుచెదరకుండా ఉండాలి. ఈ రెంటినీ కలిపేస్తే ఆటకూ మనిషికీ కూడా అన్యాయమే జరుగుతుంది.

ముందు ఆ 960 ఎక్కడిదో చూద్దాం. ఫిషర్ పెట్టిన షరతులు రెండు. ఒక ఆటగాడి రెండు శకటుల్లో ఒకటి తెల్ల గడిలో, మరొకటి నల్ల గడిలో ఉండాలి. రాజు రెండు ఏనుగుల మధ్య ఉండాలి. వెనక వరుసలో నాలుగు తెల్ల గళ్లు, నాలుగు నల్ల గళ్లు ఉంటాయి కాబట్టి శకటుల్ని 16 రకాలుగా నిలబెట్టవచ్చు. మిగిలిన ఆరు గళ్లలో మంత్రికి ఆరు చోట్లు. తర్వాత మిగిలే ఐదు గళ్లలో రెండు గుర్రాల్ని 10 రకాలుగా పెట్టవచ్చు. ఇక మిగిలేవి మూడు గళ్లు. రాజు మధ్యలోనే ఉండాలి కాబట్టి అక్కడ ఒక్కటే దారి. 16ను ఆరుతో, మళ్లీ పదితో హెచ్చిస్తే 960. మనం రోజూ ఆడే అమరిక వాటిలో ఒకటి. ప్రామాణిక జాబితాలో దాని సంఖ్య 518. ఏ షరతూ లేకుండా కలిపేస్తే 5,040 అమరికలు వచ్చేవి. అంటే ఈ అంకెలోనే ఫిషర్ ఆలోచన మొత్తం ఉంది. చదరంగం కొంచెం తెలిసిన పిల్లవాడికి ‘960 ఎందుకు?’ అన్న ప్రశ్న పుడితే, దానికి జవాబు వెతుక్కుంటూ నిబంధనలన్నీ నేర్చేసుకుంటాడు. ‘ఫిషర్ ఎవరు?’ అన్న ప్రశ్నకు జవాబు ఒక జీవిత చరిత్ర. అది చదవదగిందే, కానీ దానితో ఆడటం రాదు.

ఇందులో ఫిషర్ సొంతం ఎంత అన్నది రెండో సంగతి. వెనక వరుసను కలిపేసి ఆడే ఆలోచన ఆయన కంటే చాలా పాతది. 1978లో గ్రాండ్‌మాస్టర్ పాల్ బెంకో ఇంకో రకం చెప్పాడు: ఖాళీ వెనక వరుసలో ఆటగాళ్లే వంతులవారీగా ఒక్కో పావును తమకు నచ్చిన చోట పెట్టుకుంటారు, ఆ తర్వాత ఆట మొదలవుతుంది. ఫిషర్ చేర్చింది రాజు రెండు ఏనుగుల మధ్య ఉండాలన్న షరతు, దానితో పాటు రాజును, ఏనుగును ఒకే ఎత్తులో కదిపే క్యాస్లింగ్‌ను బతికించే ఉపాయం. రాజు, ఏనుగు ఎక్కడ మొదలైనా సరే, క్యాస్లింగ్ అయ్యాక మామూలు చదరంగంలో నిలిచే గళ్లలోనే నిలుస్తాయి. ఇది చిన్న విషయం కాదు. కలిపేసిన పావుల గందరగోళం కాస్తా దీనితోనే నిజమైన చదరంగంలా నిలబడింది. ఆ ఘనత ఆయనకు దక్కి తీరాలి. కానీ ఆట మొత్తానికి ఆయన పేరు పెట్టేస్తే, అంతకుముందు ఈ దారిలో నడిచినవాళ్లందరూ ఆ పేరు కింద కనుమరుగవుతారు.

ఇది ఫిషర్ ఒక్కడి విషయంలో జరిగింది కాదు. 1920ల్లో క్యూబా ప్రపంచ చాంపియన్ కపాబ్లాంకా, గొప్ప ఆటగాళ్ల మధ్య చదరంగం డ్రాలతోనే ముగిసిపోయే రోజు వస్తుందని భయపడి, బోర్డును పది నిలువు వరుసలకు పెంచాడు. రెండు కొత్త పావులు చేర్చాడు. ఒకటి ఏనుగులాగా గుర్రంలాగా కూడా నడుస్తుంది, రెండోది శకటులాగా గుర్రంలాగా కూడా నడుస్తుంది. దీన్ని ఈనాటికీ ‘కపాబ్లాంకా చెస్’ అంటారు. అయితే సరిగ్గా ఈ రెండు పావుల్నే, ఇంతే పెద్ద బోర్డు మీద, సిసిలీకి చెందిన పియెత్రో కారేరా అనే మతగురువు 1617లోనే ప్రతిపాదించాడు. 1874లో ఇంగ్లండ్ ఆటగాడు హెన్రీ బర్డ్ మళ్లీ ప్రతిపాదించాడు. మూడు శతాబ్దాల ఆలోచన చివరికి అందరిలోకీ ప్రసిద్ధుడైనవాడి ఖాతాలో పడింది. 2007లో అమెరికా గ్రాండ్‌మాస్టర్ యాసర్ సీరావన్, కెనడా ఆటగాడు బ్రూస్ హార్పర్ కలిసి అవే రెండు రకాల పావుల్ని మామూలు బోర్డు మీదకే తెచ్చే ఆటను తయారుచేశారు. జనం నోట నిలిచిన పేరు ‘సీరావన్ చెస్’. హార్పర్ పేరు జారిపోయింది. గ్రాండ్‌మాస్టర్ పేరుంటే నలుగురూ చూస్తారు, నిజమే. కానీ అప్పుడు ఆట మీద నిలిచే పేరు కనిపెట్టడానికి దక్కిన గుర్తింపు కాదు, అంతకుముందే ఉన్న కీర్తికి మరో పొర మాత్రమే.

దీనికి భిన్నంగా, ఆటకు తమ పేరు పెట్టుకోనివాళ్లను చూడండి. 1899లో ఇంగ్లండ్‌లో హెన్రీ మైఖేల్ టెంపుల్ అనే పాత్రికేయుడు, ప్రత్యర్థి పావులు కనబడకుండా ఆడే చదరంగాన్ని రూపొందించాడు. ఎవరి బోర్డు వారిది; ఎత్తు చెల్లుతుందో లేదో మధ్యవర్తి చెబుతాడు. యుద్ధక్రీడ అని అర్థమొచ్చే ‘క్రీగ్‌స్పీల్’ అన్న జర్మన్ మాటే దాని పేరు. వి. ఆర్. పార్టన్ అనే ఇంగ్లిష్‌వాడు 1953లో ఇంకో వింత ఆట తయారుచేశాడు. అందులో బోర్డులు రెండు. ఒక బోర్డు మీద ఎత్తు వేయగానే ఆ పావు రెండో బోర్డు మీద అదే గడిలోకి మారిపోతుంది. అద్దం లోపలి లోకంలోకి వెళ్లిన ఆలిస్ కథను తలచుకుని ఆయన దానికి ‘ఆలిస్ చెస్’ అని పేరు పెట్టాడు. పార్టన్ తయారుచేసిన ఆటలు ఇంకా ఉన్నాయి. బంట్లు లేకుండా, రాజుల్ని చివరి వరుసకు పరుగెత్తించే ‘రేసింగ్ కింగ్స్’ వాటిలో ఒకటి. అన్నిటికీ పార్టన్ చదరంగం అని పేరు పెడితే ఏది ఏదో తెలిసేదెలా? ఆయన ఆటలకు ఆటల పేర్లే పెట్టాడు, అయినా ఆ ఆటల గురించి రాసే ప్రతివాళ్లూ పార్టన్ పేరు రాస్తూనే ఉన్నారు.

ఇక్కడ న్యాయమైన అభ్యంతరం ఒకటుంది. కొత్త ఆట కనిపెట్టినవాడికి డబ్బు రాదు, ఉద్యోగం రాదు. పేరొక్కటే దక్కే కూలి. దాన్ని కూడా తీసేస్తారా అని అడగవచ్చు. ఈ ప్రశ్నకు జవాబు ఫిషర్ దగ్గరే ఉంది. ప్రతి ఎత్తుకూ కొన్ని సెకన్లు కలిపే గడియారానికి 1989లో ఆయనకు అమెరికా పేటెంట్ వచ్చింది. ఇవాళ పెద్ద టోర్నమెంట్లు చాలావరకు ఆ పద్ధతిలోనే నడుస్తున్నాయి. ఆటగాళ్లు, ఆర్బిటర్లు దాన్ని ‘90 నిమిషాలు, ఎత్తుకు 30 సెకన్లు’ అని చెప్పుకుంటారు. పద్ధతి ఏమిటో ఆ మాటలోనే తెలిసిపోతుంది. దానితో ఫిషర్‌కు వచ్చిన లోటేమీ లేదు, అది ఆయన కనిపెట్టిందని చదరంగం లోకమంతటికీ తెలుసు.

షడ్భుజ గళ్ల చదరంగం సంగతేమిటని ఇంకో ప్రశ్న రావచ్చు. పోలండ్‌లో పుట్టిన గ్లిన్‌స్కీ 1936లో ఊహించి 1949లో బ్రిటన్‌లో విడుదల చేసిన ఆటలో 91 గళ్లు. సోవియట్ భూగర్భ శాస్త్రవేత్త షఫ్రాన్ 1939లో ఊహించిన దాంట్లో 70 గళ్లు. ఇంకా కొందరివి ఉన్నాయి. వీటిని విడదీయాలంటే మనుషుల పేర్లు లేకుండా కుదరదు, ఒప్పుకుంటాను. అక్కడ కూడా అసలు పేరు షడ్భుజ చదరంగమే. మనిషి పేరు దాని ముందు గుర్తు కోసం చేరింది. ఒకే జాతి ఆటలు నాలుగైదు ఉన్నప్పుడు ఆ అవసరం వస్తుంది. చెస్960 లాంటిది అలాంటి గుంపులో లేదు. ఓపెనింగ్‌లకు మనుషుల పేర్లున్నాయి కదా అనేవాళ్లూ ఉన్నారు. రుయ్ లోపెజ్ అనే స్పానిష్ మతగురువు తన పేరుతో పిలిచే ఓపెనింగ్ గురించి 1561లో రాశాడు, కానీ అవే ఎత్తులు 1490 ప్రాంతపు గోటింగెన్ రాతప్రతిలో ఉన్నాయి. ఆ పేరు తెలియకపోయినా ఆ ఎత్తులు వేయవచ్చు. ఆట పేరు అలా కాదు. అది పోస్టర్ మీద, దరఖాస్తు మీద, కొత్తవాడు లోపలికి వచ్చే గుమ్మం మీద ఉంటుంది.

ఫిషర్ పేరు వద్దనేవాళ్లలో కొందరు ఆయన చివరి ఏళ్ల మాటల్ని చూపిస్తారు. యూదుల మీద ఆయన కక్కిన ద్వేషం, 2001 సెప్టెంబర్ 11 దాడుల్ని మెచ్చుకోవడం ఎవరూ సమర్థించలేనివి. అయినా నా వాదనను దాని మీద నిలబెట్టను. మనిషి మంచివాడైతే ఆటకు అతని పేరు పెట్టాలి, చెడ్డవాడైతే తీసేయాలి అనుకుంటే, కొత్త సంగతి బయటపడిన ప్రతిసారీ ఆట పేరు మార్చాలి. ఆటకు ఆట పేరే ఉంటే ఈ తగువే రాదు, ఫిషర్‌ను ఉన్నదున్నట్టు చదువుకోవచ్చు.

ఇప్పుడు అసలు ముప్పు మరో వైపు నుంచి వస్తోంది. మనిషి పేరు పోయిన చోట సంస్థల ప్రచారపు పేరు వచ్చి కూర్చోవడం అంతకంటే నష్టం. మైంజ్‌లో కొత్త పేరు వెతికినప్పుడు నిర్వాహకులు కొన్ని నియమాలు పెట్టుకున్నారు. గ్రాండ్‌మాస్టర్ పేరు ఉండకూడదు, ప్రపంచమంతటా అర్థం కావాలి, ర్యాండమ్, ఫ్రీస్టైల్ వంటి వదులు మాటలు ఉండకూడదు. వాళ్లు అప్పుడే వద్దన్న ఫ్రీస్టైల్ ఈరోజు పోటీల పేరైంది. ఆటలో పావులు ఎలా నిలుస్తాయో ఆ మాట ఒక్క ముక్క చెప్పదు. పైగా 2005లో మనుషులు కంప్యూటర్ల సాయంతో ఆడిన పోటీని కూడా ఫ్రీస్టైల్ అనే పిలిచారు. రేపు స్పాన్సర్ మారితే ఈ పేరూ మారుతుంది. అంకెకు యజమాని ఉండడు.

మన రాష్ట్రాల్లో కూడా ఈ ఆట పోటీలు పెట్టాలనుకునే చదరంగ సంఘాలకూ, అకాడమీలకూ, బడి టీచర్లకూ ఒక్క విన్నపం. పోస్టర్ మీద చెస్960 అని రాయండి. నిబంధనల కాగితం మొదటి వరుసలో ‘రూపకర్త: బాబీ ఫిషర్, బ్యూనస్ ఎయిర్స్, 1996’ అని అచ్చు వేయండి. దాని కిందే, పావుల్ని కలిపి ఆడే అలవాటు అంతకుముందే ఉందని ఇంకో వాక్యం చేర్చండి.