ప్రశ్నావళియందలి కొలబద్ద

మెట్టుగూడ అంగడిలో ధనికునకొక తూనికరాయి, దరిద్రునకొక తూనికరాయి యుండరాదని యెల్లరు నెరిగినదే. విద్యార్థుల స్వభావమును కొలుచు ప్రశ్నావళులకును ఈ ధర్మమే వర్తించును.

"నేను ఇంటివద్ద పాఠములు చదువుదును" అను వాక్యమునకు ఎన్నడును లేదు, అరుదుగా, అప్పుడప్పుడు, తరచుగా, ఎల్లప్పుడు అను అయిదు జవాబులున్నవనుకొందము. ఇట్టి మెట్ల పద్ధతిని 1932లో అమెరికా దేశీయుడగు రెన్సిస్ లైకర్టు ప్రకటించెను. ఈ జవాబులకు వరుస గలదు గాని, మెట్టునకు మెట్టునకు నడుమ దూరము సమానమని చెప్పజాలము. కావున శాస్త్రజ్ఞులు శ్రద్ధను ఒక రేఖగా భావించి, దానిపై నాలుగు హద్దులు అయిదు జవాబులను వేరుచేయునని యూహింతురు. ఆ హద్దుల స్థానములు పరామితులు.

ఆరవ తరగతి బాలునకు వారమున రెండు దినములు చదువుటయే "తరచుగా" కావచ్చును. పదవ తరగతి బాలికకు అయిదు దినములు చదివిననే ఆ మాట తగినదిగా తోచవచ్చును. ఇచ్చట కదలినది హద్దు. తగ్గినది శ్రద్ధ కాదు. జవాబులకు 1 మొదలు 5 వరకు మార్కులు వేసి పోల్చినచో, పెద్ద తరగతివారిని అన్యాయముగా సోమరులని నిందింతుము.

దీనిని కనిపెట్టుటెట్లు? శ్రద్ధను గూర్చి పెక్కు ప్రశ్నలడిగి, తరగతుల సగటు శ్రద్ధ భిన్నముగా నుండుటకు తావిచ్చి, హద్దులను మాత్రము అందరికి నొక్కటిగానే లెక్కింపవలెను. పిమ్మట ప్రతి విద్యార్థి జవాబు ఒక్కొక్క హద్దును ఎటువైపు, ఎంత లాగుచున్నదో చూడవలెను. ఈ లాగుడునకు స్కోరు అని పేరు. అందరి స్కోరులు కలిసి సున్న యగును. వానిని తరగతుల వరుసలో కూడుచు పోయినప్పుడు, హద్దు నిలుకడగా నున్నచో మొత్తము సున్నకు చేరువనే యూగును. ఒక తరగతివరకు ఒకే దిక్కున సాగి, పిదప వెనుకకు మరలినచో, అచ్చట హద్దు మారెనని శంకింపవలెను. కేవలము యాదృచ్ఛికముగా కలుగదగిన ఊగులాటను మించిననే ఆ శంక నిలుచును. ఒకే తరగతిలో హాజరుపట్టీ వరుసకు అర్థము లేదు గనుక, మొత్తమును ప్రతి తరగతి చివరనే పరిశీలించు విధమును మెర్కిల్, ఫాన్, జైలైస్ అను పండితులు 2014లో సైకోమెట్రికా పత్రికయందు వివరించిరి.

స్కోరులను ఆధారముగా గొని పరీక్షించు మార్గమును 1948లో లోకమునకు చూపినవాడు మన తెలుగువాడే. ఆయన 1920లో హడగలిలో జన్మించి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము నభ్యసించి, 2023లో పరమపదించిన సి. ఆర్. రావుగారు. హైదరాబాదు విశ్వవిద్యాలయ ఆవరణమున ఆయన పేరిట ఒక శాస్త్రసంస్థ గలదు.

హద్దు కదలినదని తేలిన ప్రశ్నను విడిచిపెట్టవచ్చును. లేదా "తరచుగా" అనుటకు మారుగా వారమున ఎన్ని దినములని యడుగవచ్చును. ఏ విద్యార్థినైనను సోమరియని వ్రాయుటకు పూర్వము ఈపాటి శ్రమపడుట ఉపాధ్యాయులమైన మనకు విధియే.