మల్లె పొదకు చలికాలపు కత్తిరింపే వేసవి పూతకు ఆధారం

పెరట్లో ఏపుగా, పచ్చగా పెరిగిన మల్లె పొద వేసవి వచ్చినా పట్టుమని పది పూలు పూయకపోవడం అనేక గృహాలలో కనిపించే సమస్య. మొక్క గొడ్డుబోయిందని భావించి కొందరు దానిని వేళ్లతో సహా పెకలించివేస్తుంటారు. వాస్తవానికి అటువంటి మొక్కలలో చాలావాటికి ఏ తెగులూ ఉండదు. అవి ఏళ్ల తరబడి కత్తెర ఎరుగని మొక్కలు మాత్రమే.

మన ప్రాంతంలో విరివిగా పెంచే గుండు మల్లె అనేక సంవత్సరాలు జీవించే పొద జాతి మొక్క. దీని మొగ్గలు ముదురు కొమ్మలపై కాక, కొత్తగా వచ్చిన లేత రెమ్మల చివరన ఏర్పడతాయి. కొత్త చిగుళ్లు ఎంత ఎక్కువగా వస్తే పూత అంత ఎక్కువగా ఉంటుంది. కత్తిరించకుండా వదిలిన పొదలో పాత కొమ్మలు అల్లుకుపోయి లోపలికి ఎండ సోకదు, కొత్త రెమ్మలకు తావు ఉండదు. పచ్చని మొక్కను కోయడానికి చేతులు రాకపోవడం సహజమే అయినప్పటికీ, మల్లె విషయంలో ఆ జాలి మొక్కకు మేలు చేయదు.

కత్తిరింపునకు నవంబరు చివరి వారం నుంచి అనుకూల సమయం. అంతకు రెండు మూడు వారాల ముందు నుంచే నీరు పెట్టడం ఆపివేయాలి. నీటి ఎద్దడికి గురైన మొక్క పెరుగుదల నిలిపి విశ్రాంతి దశలోకి వెళుతుంది, ఆకులు కొంత రాలిపోతాయి. తోటలలో కొందరు రైతులు ఈ దశలో గొర్రెలను, మేకలను వదిలి మిగిలిన ఆకును మేపుతారు. పెరటి మొక్కకు చేతితో దూస్తే సరిపోతుంది. అనంతరం పొదను నేల నుంచి 45 - 50 సెంటీమీటర్ల ఎత్తు ఉంచి, పైభాగాన్ని పదునైన కత్తెరతో కోసివేయాలి. ఎండిన కొమ్మలు, తెగులు సోకినవి, ఒకదానితో ఒకటి రాసుకునేవి, సన్నగా బలహీనంగా ఉన్నవి మొదలంటా తీసివేయాలి. మొద్దుబారిన కత్తితో నరికితే కొమ్మ చీలి, ఆ గాయం గుండా శిలీంధ్రాలు ప్రవేశించే ప్రమాదం ఉంది. కోత ముగిసిన తర్వాత పొద మోడులా కనిపించి ఇంటివారిని కలవరపెట్టవచ్చు. నీరు అందిన కొద్ది వారాలలోనే కణుపుల వద్ద చిగుళ్లు తొంగిచూస్తాయి. జాజికి ఇదే పనిని కొంత ఆలస్యంగా, డిసెంబరు చివరి వారం నుంచి జనవరిలోగా చేపట్టాలి.

కత్తిరించిన వెంటనే మొదలు చుట్టూ మట్టిని గుల్లచేసి పాదు తీసి, ఎరువు వేసి, నీరు తిరిగి ప్రారంభించాలి. ఎదిగిన ఒక్కో పొదకు 10 కిలోల పశువుల ఎరువుతో పాటు ఏడాదికి 60 గ్రాముల నత్రజని, 120 గ్రాముల భాస్వరం, 120 గ్రాముల పొటాష్ ఇవ్వాలని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం సిఫార్సు చేసింది. రసాయన ఎరువులను రెండు సమ భాగాలుగా చేసి, కత్తిరింపు తర్వాత ఒకసారి, జూన్ - జూలై నెలలలో మరొకసారి వేయాలి.

ఈ అంకెలను ప్రచురించేటప్పుడు పాత్రికేయ మిత్రులు ఒక విషయం గమనించవలసి ఉంది. పైన పేర్కొన్నవి పోషకాల పరిమాణాలు, ఎరువుల బరువులు కావు. ఎరువుల లెక్కలోకి మార్చితే ఏడాదికి మొక్కకు సుమారు 130 గ్రాముల యూరియా, 750 గ్రాముల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, 200 గ్రాముల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ అవుతాయి. రెండింటినీ తారుమారు చేస్తే పాఠకుడు భాస్వరం తక్కువగా వేసి నష్టపోతాడు. ఇక యూరియా మోతాదు మించితే ఆకు దట్టంగా వచ్చి పూత తగ్గుతుంది. కుండీలలోని మొక్కలకు పొలం మోతాదు ఎంతమాత్రం వర్తించదు. వాటికి బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మికంపోస్టు గుప్పెడు చొప్పున వేయడమే క్షేమం.

ఎన్ని జాగ్రత్తలు పాటించినా ఎండ లేనిచోట మల్లె పూయదు. రోజుకు కనీసం ఆరు గంటల నేరుటెండ తగలాలి. ప్రహరీ నీడలోనో, మామిడి చెట్టు కిందనో ఉన్న పొదను కత్తిరించినా ప్రయోజనం స్వల్పమే. పట్టణాలలో మేడమీద కుండీలలో పెంచేవారికి ఈ ఇబ్బంది ఉండదు. అయితే కుండీ అడుగున నీరు పోయే రంధ్రం మూసుకుపోకుండా చూసుకోవాలి. మొదట్లో నీరు నిలిచినా, సున్నపు పాలు అధికంగా గల నేల అయినా లేత ఆకులు ఈనెలు మాత్రం పచ్చగా ఉండి పాలిపోతాయి. ఇది ఇనుపధాతు లోపం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది కలిపి ఆకులపై పిచికారీ చేస్తే మొక్క కోలుకుంటుంది. నీరు నిలవడమే కారణమైతే ముందుగా దానిని సరిచేయాలి.

పూత దశలో ప్రధాన శత్రువు మొగ్గ తొలుచు పురుగు. ఇది మొగ్గలోకి చొరబడి లోపలి భాగాన్ని తినివేస్తుంది. మొగ్గలు ఊదారంగుకు మారి, పక్క మొగ్గలతో దారాలవంటి గూడుతో అతుక్కుని ఉంటే ఈ పురుగు ఆశించినట్లే. అటువంటి మొగ్గలను ఏరి నాశనం చేయాలి. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేప నూనె, కొద్దిగా సబ్బు ద్రావణం కలిపి సాయంకాలం పిచికారీ చేయవచ్చు. తలలో తురుముకునే పూలు, దైవ సన్నిధికి చేరే పూలు, చంటిపిల్లల చేతికి అందే పూలు ఇవి. పెరటి మొక్కపై పూత సమయంలో ఘాటైన పురుగుమందులు చల్లడం ఏ విధంగానూ సమంజసం కాదు. ఎన్టీఆర్ జిల్లా మైలవరం ప్రాంతంలో వలె వాణిజ్య సరళిలో మల్లె సాగుచేసే రైతులు సైతం మందు చల్లిన తర్వాత పూలు కోయడానికి పాటించవలసిన గడువును తప్పనిసరిగా పాటించాలి.

సాధారణంగా మార్చి నుంచి పూత ఊపందుకుంటుంది. పూర్తిగా ఎదిగి, ఇంకా విచ్చుకోని తెల్లని మొగ్గలను సూర్యోదయానికి ముందే కోసి తడి వస్త్రంలో ఉంచితే సాయంత్రానికి విచ్చుకుంటాయి. ఎండ ఎక్కిన తర్వాత కోసినవి త్వరగా వాడిపోతాయి.

కత్తిరింపులో తీసిన కొమ్మలను వృథాగా పారవేయనవసరం లేదు. తెగులు లేని, పెన్సిలు మందం గల కొమ్మలను మూడు నాలుగు కణుపులు ఉండేలా ముక్కలు చేసి, నీడలో తడి ఇసుకలో నాటుకోవచ్చు. అయితే చలిలో వేరు పట్టడం మందకొడిగా ఉంటుంది కనుక వర్షాకాలంలో నాటినవే ఎక్కువగా నిలదొక్కుకుంటాయి. కొత్తగా నాటదలచినవారు కడియం నర్సరీల నుంచి గాని, సమీపంలోని నమ్మకమైన నర్సరీల నుంచి గాని వేరు పట్టిన అంట్లను తెచ్చుకోవచ్చు. తెగుళ్ల గుర్తింపు, మందుల మోతాదులపై సందేహాలు గలవారు స్థానిక ఉద్యాన అధికారిని లేదా సమీప కృషి విజ్ఞాన కేంద్రాన్ని సంప్రదించవలసి ఉంటుంది. వెళ్లేటప్పుడు తెగులు సోకిన రెమ్మను వెంట తీసుకువెళ్లడం మంచిది.