బిళ్లలు కరగకపోతే ముక్క తీయించండి

పిల్లల మెడ పక్కనో, చంకలోనో, గజ్జల్లోనో బిళ్లలు కట్టడం మామూలే. గొంతు నొప్పి వచ్చినా, తలలో కురుపు లేచినా, కాలికి పుండు పడ్డా కడతాయి. కొన్ని వారాల్లో వాటంతటవే కరుగుతాయి. అవి కరగక, జ్వరమూ వదలకపోతే మన కరీంనగర్, ఆదిలాబాద్ వైపు డాక్టరుకు మొదట తట్టేది టీబీ. అలా అనుమానించడం సబబే. చిక్కల్లా ముక్క తీసి చూడకుండానే టీబీ మాత్రలు మొదలుపెట్టడంలో ఉంది.

ఎందుకంటే అనాప్లాస్టిక్ లార్జ్ సెల్ లింఫోమా అనే అరుదైన క్యాన్సరూ అచ్చం ఇలాగే వస్తుంది: జ్వరం, బరువు తగ్గడం, బిళ్లలు, కొందరికి చర్మం మీద ఎర్రటి గడ్డలు. పిల్లలకు వచ్చే నాన్ హాడ్జ్‌కిన్ లింఫోమాల్లో ఇది 10 నుంచి 15 శాతం. జర్మనీకి చెందిన హారాల్డ్ స్టైన్ బృందం 1985లో దీన్ని విడిగా గుర్తించింది. కారణం 1994లో తేలింది. ఈ జబ్బున్న పిల్లల్లో చాలామందికి 2వ, 5వ క్రోమోజోముల ముక్కలు తెగి ఒకదానికొకటి అతుక్కుంటాయి. దాంతో లింఫ్ కణాల్లో మామూలుగా పనిచేయని ఏఎల్‌కే జన్యువు ఆగకుండా పనిచేయడం మొదలుపెడుతుంది. ఇది తల్లిదండ్రుల నుంచి సంక్రమించేది కాదు, అంటుకునేదీ కాదు. పిల్లకు జబ్బు వచ్చిందని తల్లిని నిందించే ఇళ్లలో ఈ మాట గట్టిగా చెప్పాలి.

సూది పరీక్షతో ఈ జబ్బును కచ్చితంగా తేల్చడం కష్టం. వీలైతే బిళ్ల మొత్తం తీయాలి. తీశాక దాన్ని రెండు భాగాలు చేయాలి. ఒకటి ఫార్మలిన్‌ సీసాలో క్యాన్సర్ పరీక్షకు, రెండోది సెలైన్‌లో టీబీ పరీక్షకు వెళ్లాలి. మొత్తం ఫార్మలిన్‌లో వేస్తే టీబీ క్రిమి పెరగదు, కల్చర్ చేయడం కుదరదు. ల్యాబ్‌లో సీడీ30, ఏఎల్‌కే అనే రెండు రంగు పరీక్షలు చేస్తారు. రెండింటిలోనూ కణాలు గోధుమరంగుకు తిరిగితే జబ్బు పేరు తెలిసినట్టే. ముక్క తీయకముందు స్టెరాయిడ్ మాత్రలు, ఇంజెక్షన్లు వద్దు. వాటితో గడ్డ తాత్కాలికంగా కరిగి, పరీక్షకు దొరకకుండా పోతుంది.

ఐరోపాలో స్థిరపడిన ఏఎల్‌సీఎల్99 పద్ధతిలో మొదట అయిదు రోజులు తేలికపాటి మందులిస్తారు. తర్వాత 21 రోజులకొకటి చొప్పున ఆరు విడతల కీమో ఉంటుంది. నాలుగైదు నెలల్లో అయిపోతుంది. ఆ పద్ధతిని పరీక్షించిన అధ్యయనంలో రెండేళ్ల నాటికి నలుగురిలో దాదాపు ముగ్గురికి జబ్బు తిరగబెట్టలేదు, నూటికి 90 మందికి పైగా బతికి ఉన్నారు. ఈ రెండు అంకెల మధ్య తేడాను తల్లిదండ్రులు గమనించాలి. తిరగబెట్టినవాళ్లలోనూ చాలామంది బతికారు.

అలా తిరగబెట్టినప్పుడు ఆదుకునే మందుల్లో ఒకటి విన్‌బ్లాస్టిన్. 1950ల చివర కెనడాలో బిళ్లగన్నేరు నుంచి తీసిన పాత మందు ఇది. ఏడాది దాటాక తిరగబెట్టిన కొందరు పిల్లలకు వారానికో ఇంజెక్షన్ చొప్పున రెండేళ్ల దాకా ఇస్తే, అయిదేళ్ల తర్వాత కూడా ఎక్కువమంది జబ్బు లేకుండా ఉన్నారు. అలాగని పెరట్లో బిళ్లగన్నేరు ఆకు నూరి పోయకండి, అది విషం. ఏఎల్‌కేనే అడ్డుకునే క్రిజోటినిబ్ మాత్రకు 2021లో అమెరికా ఈ పిల్లల కోసం అనుమతిచ్చింది.

ఇక ఈ వైద్యానికి వెళ్లాల్సిన దూరం సంగతి. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో 1955 నుంచి ఉన్న ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రికి కరీంనగర్ నుంచి దాదాపు 165 కిలోమీటర్లు, ఆదిలాబాద్ నుంచి 300. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. కానీ బస్సు ఖర్చు, పోయే కూలి, ఇంటి దగ్గర మిగతా పిల్లల ఆలనా ఆ కుటుంబానివే. గడ్డ కరగ్గానే నయమైందనుకుని రెండో విడతకే మానేయడం అన్నిటికన్నా ప్రమాదం. ఆరూ పూర్తి చేయించండి.

కీమో అయిన వారం పది రోజులకు తెల్లకణాలు పడిపోతాయి. అప్పుడు జ్వరం 38 డిగ్రీలు, అంటే 100.4 ఫారెన్‌హీట్ తాకితే పారాసిటమాల్ వేసి తెల్లవారేదాకా చూడొద్దు, హైదరాబాద్ బస్సూ ఎక్కొద్దు. ఆదిలాబాద్ రిమ్స్‌కో, కరీంనగర్ పెద్దాస్పత్రికో, ఏది దగ్గరైతే అక్కడికి వెంటనే వెళ్లి, కీమో కాగితం చూపించి, గంటలోపు యాంటీబయోటిక్ ఇంజెక్షన్ పడేలా అడగండి.