తరంగం అంటే పళ్ళెమేనా?

కాలేజీ ఫెస్ట్ అయినా, గుడి ఉత్సవం అయినా, కూచిపూడి ప్రోగ్రాంలో "తర్వాతి అంశం తరంగం" అని మైకులో వినపడగానే వెనక వరసల్లోవాళ్ళు కూడా లేచి నిలబడతారు. ఇత్తడి పళ్ళెం స్టేజీ మీదకి వచ్చేదాకా ఫోన్లు జేబుల్లోనే ఉంటాయి. వచ్చాక ఒక్కటి కూడా జేబులో ఉండదు. ఇదేమీ మనకి దూరపు కళ కాదు. గుడివాడ నుంచి పామర్రు మీదుగా చల్లపల్లి వెళ్తుంటే దారిలోనే కూచిపూడి, చల్లపల్లి దాటితే దివిసీమ. అయినా "తరంగం అంటే ఏంటి?" అని అడిగితే మనలో చాలామంది చెప్పే జవాబు "పళ్ళెం మీద చేసే డాన్స్" అనే. అది తప్పు జవాబు కాదు గానీ, చాలా చివర మొదలుపెట్టిన జవాబు. పళ్ళెం ఈ కథలో ఆఖరి మజిలీ.

ముందు మాట సంగతి చూద్దాం. తరంగం అంటే అల. సంస్కృతం నుంచి వచ్చిన మాట. తెలుగు మీడియంలో ఇంటర్ చదివినవాళ్ళకి తరంగదైర్ఘ్యం, పౌనఃపున్యం గుర్తుండే ఉంటాయి. కానీ మంగినపూడి బీచ్‌లో నిలబడి "ఆ తరంగం చూడు" అని ఎవరూ అనరు. మనకి సముద్రంలో వచ్చేది కెరటం. దివిసీమ పెద్దవాళ్ళు 1977 నవంబరు 19 రాత్రి గురించి చెప్పేటప్పుడు వాడే మాట ఉప్పెన. తరంగం పుస్తకాల్లోనూ పాటల్లోనూ బతికిన మాట. అందుకేనేమో రకరకాల వస్తువులకి పేరు పెట్టుకోవడానికి బాగా పనికొచ్చింది. 1982లో తరంగిణి అని తెలుగు సినిమా వచ్చింది. గాయకుడు ఏసుదాసు తిరువనంతపురంలో పెట్టిన రికార్డింగ్ సంస్థ పేరు కూడా తరంగిణే.

సంగీతంలోనే ఇంకో తరంగం ఉంది, జలతరంగం. కూచిపూడి తరంగంతో దీనికి పేరులో తప్ప ఇంకెక్కడా చుట్టరికం లేదు, కానీ మన బ్రాంచ్‌లవాళ్ళకి నచ్చే వాయిద్యం కాబట్టి ఒక్క నిమిషం ఆగుదాం. పింగాణీ గిన్నెలు అర్ధచంద్రాకారంలో పేర్చి, ఒక్కోదాంట్లో ఒక్కో మట్టానికి నీళ్ళు పోసి, సన్నటి కర్రలతో అంచు మీద కొడతారు. నీళ్ళు ఎక్కువ పోస్తే శ్రుతి తగ్గుతుంది. ఇక్కడ ఒక తమాషా ఉంది. గాజు సీసాలో నీళ్ళు పోసి మూతి దగ్గర ఊదండి: నీళ్ళు పెరిగేకొద్దీ శ్రుతి పెరుగుతుంది. అదే సీసాని చెంచాతో కొట్టండి: నీళ్ళు పెరిగేకొద్దీ శ్రుతి తగ్గుతుంది. ఊదినప్పుడు కంపించేది లోపలి గాలి, నీళ్ళు పెరిగితే దానికి చోటు తగ్గుతుంది. కొట్టినప్పుడు కంపించేది గోడ. గోడ కదిలితే దాన్ని ఆనుకున్న నీళ్ళు కూడా కదలాలి, అంటే గోడ బరువు పెరిగినట్టే, కాబట్టి పౌనఃపున్యం పడిపోతుంది. కచేరీ మధ్యలో చెంచాతో నీళ్ళు సర్దుకోవడం ఈ వాయిద్యగాళ్ళకి మామూలే. గమకాలు ఎక్కువగా ఉండే కర్ణాటక రాగాలని దీని మీద పలికించడం కష్టం. ఆ కష్టాన్ని జీవితమంతా పెట్టుకున్నవాళ్ళలో మద్రాసు విద్వాంసురాలు సీతా దొరైస్వామి ఒకరు. ఉత్తరాదిన అయితే ఏ వాయిద్యాన్నైనా వరసగా పేర్చి శ్రుతుల మెట్లు కడితే అది "తరంగ్" అయిపోతుంది. శ్రుతి చేసిన తబలాలు పేరిస్తే తబలా తరంగ్. మైహర్‌లో అల్లావుద్దీన్ ఖాన్ తుపాకీ గొట్టాలు కోయించి చేయించింది నల్ తరంగ్.

ఇక అసలు తరంగం దగ్గరికి వద్దాం. అది మొదట వాయిద్యం కాదు, డాన్స్ కాదు, ఆ మాటకొస్తే పాట కూడా కాదు. పుస్తకంలో అధ్యాయం!

తరంగిణి అంటే అలలు ఉన్నది, అంటే నది. పుస్తకాన్ని నదిగా ఊహిస్తే దాని అధ్యాయాలు అలలవుతాయి. 12వ శతాబ్దంలో కల్హణుడు కాశ్మీర రాజుల చరిత్రకి రాజతరంగిణి అని పేరు పెట్టి ఎనిమిది తరంగాలుగా రాశాడు. అంతకుముందే సోమదేవుడి కథాసరిత్సాగరంలో కూడా తరంగాలున్నాయి. ఈ వరసలోనే నారాయణ తీర్థులు శ్రీకృష్ణలీలాతరంగిణి రాశారు. గుంటూరు జిల్లా మంగళగిరి దగ్గరి కాజ ఆయన ఊరని ఎక్కువగా చెబుతారు (అవును, మీరు టోల్ కట్టే ఆ కాజే). సన్యాసం తీసుకున్నాక తంజావూరు వైపు వెళ్ళి, తిరువైయారు దగ్గర వరహూరులో ఉండిపోయారు. ఆయన రాసింది సంస్కృతంలో, భాగవతం దశమ స్కంధాన్ని పట్టుకుని. కృష్ణుడి పుట్టుకతో మొదలై రుక్మిణీ కల్యాణంతో ముగుస్తుంది. మొత్తం 12 తరంగాలు. ఒక్కో తరంగంలో శ్లోకాలు, గద్యాలు, పాటలు కలిసి ఉంటాయి. పాటలే నూట యాభైకి పైగా ఉన్నాయి. పాత్రలు మాట్లాడుకుంటాయి, సూత్రధారుడు మధ్యలో కథ అందుకుంటాడు. చదువుకునే కావ్యం కన్నా ఆడుకునే నాటకానికే దగ్గర.

మరి అధ్యాయం పేరు పాటకెలా వచ్చింది? జయదేవుడి గీతగోవిందంతో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. అందులోనూ 12 అధ్యాయాలే, కానీ వాటిని సర్గలన్నారు. పాటలకి ఎనిమిది చరణాల లెక్కన అష్టపది అనే సొంత పేరు కుదిరింది. నారాయణ తీర్థుల పాటలకి అలాంటి ప్రత్యేకమైన పేరు లేదు. పాడేవాళ్ళు "తరంగిణిలోది ఒకటి పాడు" అంటూ అంటూ "తరంగం పాడు" అన్నారనుకుంటాను. ఏ కంపెనీ మెషీన్ మీద తీసినా మనం జిరాక్స్ అనే అంటాం చూశారా, అలాంటిదే ఇదీ. పుస్తకంలో 12 ఉన్న తరంగాలు జనం నోట్లో నూట యాభై అయ్యాయి.

అక్కడి నుంచి ఆ పాట రెండు దారుల్లో నడిచింది. తంజావూరు వైపు భజన సంప్రదాయంలోకి వెళ్ళింది. అక్కడ తరంగం అంటే ఇప్పటికీ గొంతుకి సంబంధించిన సంగతి. హార్మోనియం, మృదంగం, తాళాలు పెట్టుకుని నలుగురు కూర్చుని పాడుకునేది. వరహూరులో కృష్ణాష్టమికి జరిగే ఉట్ల పండగ ఈ పాటలతోనే సాగుతుంది. రెండో దారి మన కృష్ణా తీరానికి, భాగవతులు ఉన్న కూచిపూడికి వచ్చింది. సిద్ధేంద్ర యోగి నారాయణ తీర్థుల శిష్యుడని కూచిపూడిలో తరతరాలుగా చెప్పుకుంటారు. చరిత్రకారులు దీన్ని ఎంతవరకు ఒప్పుకుంటారన్నది వేరే చర్చ. భామాకలాపం ఆడే ఊరికి తరంగిణి పరాయిదిగా అనిపించి ఉండదు, అది మాత్రం నిజం. రెండింట్లోనూ కథ కృష్ణుడిదే, రెండింటినీ నడిపేది పాటా మాటా కలిసే.

పాత కూచిపూడి అంటే రాత్రంతా సాగే ఆట. మగవాళ్ళ మేళం, సత్యభామ వేషం కూడా మగవాళ్ళదే. 20వ శతాబ్దంలో వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి లాంటి గురువులు ఒక్కరే చేసే అంశాలని పెంచి, ఆడపిల్లలకి నేర్పడం మొదలుపెట్టారు. తర్వాత వెంపటి చినసత్యం మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. రాత్రంతా సాగే ఆట గంటన్నర సోలో ప్రోగ్రాం అయినప్పుడు, అందులో కథ, అభినయం, లయ, సాహసం అన్నీ ఒక్కచోట చూపించే అంశం ఒకటి కావాల్సి వచ్చింది. ఆ చోటు తరంగానికి దక్కింది.

పళ్ళెం ఎలా కదులుతుందో ఎప్పుడైనా గమనించారా? చక్రాలు లేవు, ఎవరూ లాగరు. రెండు పాదాలూ అంచు మీద పెట్టి వేళ్ళతో అంచుని పట్టుకుంటారు. బరువు ఒక కాలి మీదకి వాల్చగానే రెండో వైపు తేలికవుతుంది. ఆ తేలికైన వైపుని కొంచెం ముందుకి తిప్పుతారు. మళ్ళీ బరువు ఇటు, కదలిక అటు. ఇంట్లో బీరువాని ఒక్కళ్ళే జరపాల్సి వస్తే ఒక మూల మీద నిలబెట్టి రెండో మూలని తిప్పుతాం కదా, అదే పద్ధతి. కాకపోతే ఇక్కడ బీరువా మీద మనిషి ఉంటారు, ఆ మనిషి తాళం తప్పకూడదు, ఒక్కోసారి తల మీద నీళ్ళ చెంబు కూడా ఉంటుంది. చెంబులో నీళ్ళు తొణక్కుండా ఉండాలంటే నడుము కింద జరిగే కుదుపు మెడ దాకా రాకూడదు. మోకాళ్ళు వంచి ఉంచేది అందం కోసమే కాదు, అవి షాక్ అబ్జార్బర్లు. (ఫెస్ట్ కమిటీవాళ్ళకి ఒక మాట: స్టేజీ మీద మెత్తటి కార్పెట్ పరవకండి. అంచు అందులో దిగబడుతుంది.)

ఇంత కష్టం ఉంది కాబట్టి చప్పట్లు న్యాయమే. కానీ తరంగం పళ్ళెంతో మొదలవదు. ముందు శ్లోకం వస్తుంది. తర్వాత పల్లవి. బాలగోపాల తరంగం లాంటిదైతే చరణం చరణానికీ అభినయం ఉంటుంది, ఒకే మాటని నాలుగు రకాలుగా ముఖంలో, చేతుల్లో చూపిస్తారు. మధ్యమధ్యలో జతులు పడతాయి: పాట ఆగి, నట్టువాంగం చెప్పే సొల్లుకి పాదాలు జవాబిస్తాయి. మళ్ళీ పల్లవి అందుకుంటారు. పళ్ళెం ఎక్కాక మృదంగం ఒక వరస వాయిస్తే పాదాలు అదే వరస తిరిగి పలుకుతాయి. వరసలు చిన్నవవుతూ, వేగం పెరుగుతూ, చివరికి రెండూ కలిసి ఒక్క తీర్మానంలో దిగుతాయి. ఒకరికీ అందరికీ మధ్య పోటీ, చివర్లో రాజీ. నా దృష్టిలో తరంగం అంటే ఇదే.

పాశ్చాత్య సంగీతంలో ఇలాంటి పనే చేసే రూపం కాన్సెర్టో. ఒక వయొలినో పియానోనో ఒక వైపు, మొత్తం ఆర్కెస్ట్రా ఇంకో వైపు. ఆ పేరు పుట్టుక మీద కూడా ఇదే పేచీ. ఇటాలియన్ అర్థం ప్రకారం పొత్తు కుదరడం అంటారు కొందరు, లాటిన్ మూలం ప్రకారం పోటీపడటం అంటారు ఇంకొందరు. ఆ పేరు కూడా తరంగం లాగే ఊళ్ళు తిరిగింది. ఒకప్పుడు గొంతులూ వాయిద్యాలూ కలిసి పాడే చర్చి సంగీతాన్ని కూడా కాన్సెర్టో అనేవారు. 1725లో అచ్చయిన వివాల్డి నాలుగు ఋతువులు నాలుగు వయొలిన్ కాన్సెర్టోలు, అక్కడ పేరుకీ రూపానికీ పొత్తు సరిగ్గా కుదిరింది. బాఖ్ 1735లో ఇటాలియన్ కాన్సెర్టో అని ఒక్క హార్ప్సికార్డ్‌కే రాశాడు, ఆర్కెస్ట్రా లేనే లేదు. ఒక్క వాయిద్యంలోనే ఇద్దరూ ఉన్నట్టు వినిపిస్తాడు. బార్టోక్ 1943లో తిరగేశాడు: సోలో ఎవరూ లేకుండా ఆర్కెస్ట్రా కోసమే కాన్సెర్టో. 1971లో రవిశంకర్ సితార్‌ని లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా ముందు కూర్చోబెట్టి ఆ పేరుని మన దాకా తెచ్చారు. ఇన్ని మారినా ఒకటి మారలేదు. పేరులో కాన్సెర్టో అని ఉంటే, వినేవాడు ఆ పోటీ ఎక్కడుందా అని వెతుకుతాడు.

తరంగంలో మనం వెతుకుతున్నది పళ్ళెం ఒక్కటే, నా పేచీ అక్కడే. ఉదాహరణకి ఆరభి రాగంలో మరకత మణిమయ చేల అనే పాట ఉంది. రాసింది నారాయణ తీర్థులు కాదు, తమిళనాడులోని ఊత్తుకాడు వెంకటకవి. తరంగిణిలో అది లేదు. కానీ కూచిపూడి స్టేజీల మీద అది తరంగంగా బాగా ఆడుతుంది. కృష్ణుడి మీద సంస్కృత పాట, జతులు పెట్టడానికి వీలైన నడక, మీదనుంచి పళ్ళెం. ఇంకేం కావాలి? నాకు దాని మీద అభ్యంతరం లేదు, చాలా అందమైన పాట. పేరు పుస్తకం నుంచి విడిపోయి రూపానికి అంటుకుందనడానికి ఇదే సాక్ష్యం. ఇబ్బంది ఏంటంటే, పేరు అక్కడితో ఆగకుండా పాటని కూడా వదిలేసి పళ్ళేనికి అంటుకుంటోంది. పోటీలో ఐదు నిమిషాలే ఇస్తే మొదట కోత పడేది చరణాలకే. రీల్‌లో అయితే పల్లవి కూడా ఉండదు, కాళ్ళూ పళ్ళెమూ కనపడితే చాలు. నూట యాభై పాటల్లో స్టేజీ మీద తరచుగా వినపడేవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

దీనికి డాన్స్ చేసేవాళ్ళని అనడం అన్యాయం. వాళ్ళకి టైం ఇచ్చేది మనలాంటి కమిటీలు. ఈసారి కల్చరల్స్‌కి కూచిపూడి పిలిస్తే తరంగానికి పది పన్నెండు నిమిషాలు రాసుకుని, ఏ చరణాలు చేస్తున్నారో ముందే అడిగి, అర్థం రెండు తెలుగు వాక్యాల్లో యాంకర్ చేత చెప్పించొచ్చు. సంస్కృతం కాబట్టి హాల్లో తొంభై మందికి అర్థం కాదు, అర్థం కాని పాటని ఎవరైనా పళ్ళెం కోసమే చూస్తారు. ఏ చరణంలో వెన్న దొంగతనం వస్తుందో, ఏ చరణంలో కాళీయుడి పడగలు వస్తాయో తెలిస్తే, ఫోన్లు కాస్త ముందే పైకి లేస్తాయి.